అడగడమూ నమ్మకమే

నమ్మకం అంటే అడగకపోవడమేనని మనలో చాలామంది అభిప్రాయం. అడిగితే అనుమానించినట్లేనట! ఈ లెక్క సరైనదేనా అన్న ఆలోచన నాకు ఒక కొరియా సినిమా చూశాక కలిగింది.

దాని పేరు 'మేగి'. కొరియా భాషలో జెల్ల చేప అని అర్థం. దర్శకురాలు ఈ ఓక్‌సప్‌కు ఇది తొలి పూర్తినిడివి చిత్రం. ఆ దేశపు జాతీయ మానవ హక్కుల కమిషన్ నిర్మించిన ఈ చిన్న చిత్రం 2018లో బూసాన్ చలనచిత్రోత్సవంలో వెలుగు చూసింది. కథ చెప్పేది, ఒక ఆస్పత్రిలో నీటితొట్టెలో ఉన్న జెల్ల చేప!

ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో ఒక జంట ఏకాంతం ఎక్స్‌రే బొమ్మగా బయటపడుతుంది. ఎముకల బొమ్మకు ముఖం ఉండదు కదా. అయినా అందరూ ఆ జంట ఎవరని ఆరా తీస్తారే గాని, బొమ్మ తీసిందెవరని అడగరు. అది తామేనేమోనని నర్సు యూన్‌యంగ్ భయం. మర్నాడు ఆమె, పై అధికారిణి తప్ప ఎవరూ పనికి రారు. అందరికీ ఒంట్లో బాగాలేదట. నమ్మాలా, వద్దా? నమ్మి చూద్దామనుకుని, ఇద్దరూ ఒకరి ఇంటికి బయల్దేరతారు.

ఇంతలో నగరంలో అక్కడక్కడ నేల కుంగి గోతులు పడతాయి. వాటిని పూడ్చే పనిలో యూన్‌యంగ్ ప్రియుడు సంగ్‌వన్ చేరతాడు. అక్కడ ఉంగరం పోగొట్టుకుని తోటి పనివాణ్ణి అనుమానిస్తాడు. అతనితో ఒకప్పుడు కలిసి ఉన్న స్త్రీ, అతను తనపై చేయి చేసుకున్నాడని యూన్‌యంగ్‌కు చెబుతుంది. అడగాలా, నమ్మి ఊరుకోవాలా?

బ్యాంకులో అప్పు కోరినవారిని కాగితాలు అడుగుతాం. కొందరు చిన్నబుచ్చుకుంటారు. కాని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఆ మనిషికి జవాబు చెప్పే అవకాశం ఇచ్చినట్లే. ఏమీ అడగకుండా, చాటున నలుగురినీ వాకబు చేసి దరఖాస్తు పక్కన పడేయడమే అసలైన అనుమానం.

సంసారం బ్యాంకు కాదు, నిజమే. అక్కడ హామీ పత్రాలు ఉండవు. అందుకే అడగడం మరీ అవసరం. ఆంధ్రకు బయట ఉన్న మనం సంబంధాల కోసం దూరపు ఊళ్ళు వెతుకుతాం. ఎవరో తెలిసినవారి మాటే ఆధారం. జీతం, పొలం, గోత్రం అన్నీ అడుగుతాం. అబ్బాయిది చేయి చేసుకునే స్వభావమా అని మాత్రం అడగం. అడిగితే మర్యాద కాదంటాం. ఆ మర్యాదకు మూల్యం చెల్లించేది పిల్ల.

చివరికి యూన్‌యంగ్ ముఖాముఖి అడుగుతుంది. అతను కొట్టానని ఒప్పుకుంటాడు. మరుక్షణం నేల బద్దలై అతణ్ణి మింగేస్తుంది. ఆ గొయ్యి ప్రశ్న వల్ల పడిందని నేననుకోను. లోపల డొల్ల ముందునుంచీ ఉంది. అడక్కపోతే ఆమె ఆ నేలమీదే కాపురం చేసేది.