పనిలో పాట, పాటలో మాట

పాట వింటూ పని చేయడం మంచిదా కాదా అని అడిగితే చాలామంది పని వైపు నుంచే జవాబు చెబుతారు. పని చకచకా సాగితే మంచిది, తప్పులు దొర్లితే చెడ్డది. పాట వైపు నుంచి ఆ ప్రశ్న వేసుకునేవాళ్ళు తక్కువ. కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాసే కుర్రవాళ్ళు చాలామంది ఈ రోజుల్లో చెవులకు హెడ్‌ఫోన్ లేకుండా కనబడరు. మాటలున్న పాట మేలా, ఉత్త వాద్యం మేలా, తెలిసిన పాట మంచిదా, తెలియనిది మంచిదా అని వాళ్ళలో వాళ్ళు చాలా గంభీరంగా మాట్లాడుకుంటారు. వినడానికి చిన్న విషయమే. కానీ ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా బతికే మనబోటివాళ్ళకు దీని అడుగున ఇంకో ప్రశ్న ఉందని నాకు అనిపిస్తున్నది.

పాటకూ పనికీ చుట్టరికం నిన్నటిది కాదు. దంపుళ్ళ పాట, తిరగలి పాట, నాట్ల పాట, ఏతం పాట మనకు ఉన్నవే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు అంటూ ఆనాటి జనం పాడుకునే పదాల పేర్లు వరసగా చెప్పాడు. అయితే పని పాటల్లో ఒక సంగతి గమనించాలి. పని చేసే మనిషే పాడే మనిషి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు దంచుతుంటే రోకళ్ళు ఢీకొనకుండా కాపాడేది పాటే. అక్కడ పాట కూడా రోకలి లాంటి పనిముట్టే. వినేవారంటూ వేరే ఎవరూ లేరు కనుక పాటను వినకుండా అవమానించడమన్న మాటే రాదు.

ఫ్యాక్టరీలు వచ్చాక ఇది తిరగబడింది. 1934లో అమెరికాలో మ్యూజాక్ అన్న పేరుతో ఒక కంపెనీ తీగల మీద సంగీతం సరఫరా చేసే వ్యాపారంలోకి దిగింది. నీళ్ళూ కరెంటూ సరఫరా చేసినట్టే. తరువాతి కాలంలో వాళ్ళు పాటలను పావుగంట ముక్కలుగా కూర్చి, ఒక్కో ముక్కలో ఊపు క్రమంగా పెంచి, ఆపైన కాసేపు నిశ్శబ్దం ఇచ్చేవారు. పనివాడికి నీరసం వచ్చే వేళకు చురుకు పుట్టించడం ఉద్దేశం. యుద్ధకాలంలో 1940 జూన్‌లో బి.బి.సి. రేడియో కూడా కార్మికుల కోసం రోజుకు రెండు విడతలుగా అరగంట సంగీతం మొదలుపెట్టింది. ఆ కార్యక్రమంలో టెక్సస్ గురించిన ఒక హుషారు పాటను వేయకూడదని నిషేధించారట. కారణం ఏమంటే అందులో చప్పట్లు కొట్టే చోటు రాగానే కార్మికులు చేతిలోని పనిముట్లతో యంత్రాల మీద తాళం వేసేవారు! అంటే పాటను నిజంగా విన్నారన్న మాట. విన్నారు కనుకనే ఆపేశారు. నేపథ్య సంగీతం ధర్మం ఏమిటో ఈ ఒక్క నిషేధంలో తెలిసిపోతున్నది.

ఫ్యాక్టరీలో పాటను ఎంచింది యజమాని. ప్రోగ్రాం రాసే కుర్రవాడికి తానే ఎంచుకున్న పాట. ఇది స్వేచ్ఛే కదా అంటారు. కొంతవరకు నిజం. కానీ తనను తాను ఎంత సేపు, ఎంత చురుకుగా పని చేయించుకోవాలో లెక్క వేసుకుని పాటలు పేర్చుకుంటున్నాడంటే, ఆ ఫోర్‌మన్ ఇప్పుడు వాడి తలలోకే వచ్చి కూర్చున్నాడని నేనంటాను. వాళ్ళ పక్షాన ఒక మాట కూడా చెప్పాలి. గోడలూ తలుపులూ లేని పెద్ద హాలులో యాభై మందిని కూర్చోబెట్టి ఆలోచించే పని చేయమంటే, హెడ్‌ఫోన్ ఒక్కటే వాళ్ళకు మిగిలిన తలుపు. పాట వినడానికి కాదు, పక్కవాడి ఫోను సంభాషణ వినకుండా ఉండడానికి.

ఈ విషయంలో ప్రోగ్రామర్లకు బాగా తెలిసిన పరీక్ష ఒకటి ఉంది. డిమార్కో, లిస్టర్ అనే ఇద్దరు 1987లో ప్రచురించిన పీపుల్‌వేర్ అన్న పుస్తకంలో దాన్ని చెప్పారు. 1960ల్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విద్యార్థులను పాట వింటూ పని చేసేవారు, నిశ్శబ్దంలో పని చేసేవారు అని రెండు గదుల్లో కూర్చోబెట్టి ఫోర్ట్రాన్‌లో ఒకే లెక్క ఇచ్చారు. వేగంలోనూ తప్పొప్పుల్లోనూ రెండు గదులూ ఇంచుమించు సమానం. అయితే ఆ లెక్కలో ఒక కిటుకు ఉంది. ఇచ్చిన అంకెను ఎన్నో మార్పులు చేసి చివరకు ఫలితం రాబట్టాలి, కానీ ఆ మార్పులన్నీ కలిపితే మళ్ళీ మొదటి అంకే వస్తుంది. చేసిందంతా వృథా. ఆ సంగతి కొందరే పసిగట్టారు. పసిగట్టినవారిలో అత్యధికులు నిశ్శబ్దపు గదివారు.

కామర్స్ చదువుకున్నవాడికి ఇది చప్పున అర్థమవుతుంది. ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినంత మాత్రాన లెక్కలు ఒప్పు అయినట్టు కాదని మాకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు. ఒక చోట వెయ్యి ఎక్కువ, ఇంకో చోట వెయ్యి తక్కువ పడితే రెండు వైపులా చక్కగా కుదురుతుంది. రిపేరు ఖర్చును యంత్రం ఖాతాలో రాసినా కుదురుతుంది. కూడికలు చేసే బుద్ధి ఒకటి, ఈ కూడిక ఎందుకు చేస్తున్నామని అడిగే బుద్ధి ఒకటి. మొదటిదాన్ని పాట ఏమీ చేయదు. కూనిరాగం తీస్తూ పేజీలకు పేజీలు తప్పు లేకుండా కూడిన గుమాస్తాలను నేను చూశాను. పాట పంచుకునేది రెండోదాన్ని.

ఇక మాటల సంగతి. ప్రోగ్రాం రాయడం దంపుడు లాంటి పని కాదు, అది కూడా ఒక రకమైన రాతే. పేర్లు, షరతులు, అయితే-కాకపోతేలు. పాటలోని మాటలు వచ్చి వాటితో పోటీ పడతాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇందులో ఒక తేడా కనిపెట్టారు. ఏదైనా ఒక వరసను గుర్తుపెట్టుకునే పనికి, అర్థం తెలియని భాషలో ఎవరో చదువుతున్నా అడ్డే. కోల్, వెల్ష్ అనే ఇద్దరు 1976లో విదేశీ భాష వినిపించి ఈ సంగతి చూపించారు. నోట్ల కట్ట లెక్కపెట్టే క్యాషియరు దీన్ని శాస్త్రవేత్త చెప్పకుండానే ఎరుగును. కానీ చదివి అర్థం చేసుకునే పని దగ్గరకు వచ్చేసరికి, ఎక్కువ అడ్డు తగిలేది అర్థమయ్యే మాటే. అర్థం కాని మాట కొంత చప్పుడు కింద జమ. అర్థమయ్యే మాట మన అనుమతి అడగకుండా లోపలికి వచ్చి కూర్చుంటుంది.

నాకు మొదటి నుంచీ తట్టిన ఇంకో ప్రశ్న ఇక్కడే ఉంది. మా మేనల్లుడు హోసూరువాడు. రోజూ బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్ళి ప్రోగ్రాములు రాస్తాడు. వాడు ఒకటో తరగతిలో చేరిన 2006లోనే తమిళనాడులో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. తమిళం బాగా వచ్చు, తెలుగు చదవడం రాదు, ఇంట్లో మాత్రం తెలుగే. పని చేసేటప్పుడు ఏ పాటలు పెట్టుకుంటావురా అని అడిగితే తెలుగు పాటలే అన్నాడు. సంతోషించాను. ఎందుకని అడిగాను.

"తెలుగు పాటయితే అడ్డం రాదు మామా. తమిళం పెడితే మాట మాటా చెవిలో పడతాది, పని నిలిచిపోతాది" అన్నాడు.

వాడు అది చాలా మామూలుగా అన్నాడు. ఆ మాట గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. మన పిల్లవాడు తెలుగు పాట వింటున్నాడని మనం మురిసిపోతాం. వాడు వింటున్నది అది తనను తాకదన్న ధైర్యంతో. చెవికి ఏ భాష అడ్డం వస్తుందో అదే లోపలి భాష అనుకుంటే, ఈ లెక్కలో తెలుగు ఎక్కడ తేలింది? జనాభా లెక్కల కాగితంలో మాతృభాష అన్న గడి నింపడం తేలిక. ఈ పరీక్ష అంత తేలిక కాదు.

తొందరపడి తీర్పు చెప్పడం కూడా అన్యాయమే. వాడికి తెలుగు రాదనడానికి వీల్లేదు. వంటింట్లోంచి వాళ్ళమ్మ ఒక్క కేక వేస్తే ఏ హెడ్‌ఫోనూ ఆపలేదు. వాడికి వచ్చిన తెలుగు వేరు, పాటలోని తెలుగు వేరు. మన ఇళ్ళలో మిగిలింది అన్నం, నీళ్ళు, రా, పో, పెళ్ళి, చావుల తెలుగు. అది తక్కువేమీ కాదు. కానీ పుస్తకం ద్వారా వచ్చే తెలుగు బడిలోంచి పోయాక, పాటలోని మాటలు వాడికి పరాయి ఊరి చుట్టాల్లా అయిపోయాయి. బరంపురంలోనూ బళ్ళారిలోనూ కథ ఇంతకంటే పెద్ద తేడాగా ఉండదనుకుంటాను. ఆ మాటకొస్తే ఆంధ్ర దేశం నడిబొడ్డున కూడా త్యాగరాజ కృతిలో ప్రతి మాటా తెలిసి వినేవాళ్ళు ఎందరని?

త్యాగరాజు పేరు వచ్చింది కనుక ఆయన దగ్గరే కాసేపు ఆగుదాం. ఆయన 1767 నుంచి 1847 దాకా తమిళ దేశంలోనే బతికి తెలుగులో పాడుకున్నాడు. పంచరత్న కృతుల్లో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. తిరువయ్యారు ఆరాధనలో వాటిని పాడేవారిలో చాలామంది తమిళ లిపిలో అచ్చయిన పుస్తకాలు చూసి పాడతారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరం. అందుకని పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసుకుంటారు. అంకెలు వేసుకుని పలికే భాష! నవ్వులాటకు అనడం లేదు. అర్థం తెలియకపోయినా ఉచ్చారణ చెడకూడదని అంత శ్రద్ధ పడేవాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

1943లో మద్రాసులో తమిళ ఇసై సంగం పుట్టినప్పుడు వాళ్ళు అడిగింది ఇదే. వినేవాడికి తెలియని భాషలో పాడితే వాడికి దక్కేది ఏమిటి అని. దాన్ని తెలుగు మీద కోపంగానే మన పెద్దలు చెప్పుకునేవారు. కోపం పాలు ఉండవచ్చు. కానీ ప్రశ్న న్యాయమైనదే. మాటను ఉత్త నాదంగా వాడుకోవడం మాటకు చేసే గౌరవం కాదని వాళ్ళు అన్నారు. నిన్న తమిళులు తమ కోసం అడిగిన ప్రశ్న ఈ రోజు మా హోసూరు పిల్లవాడి విషయంలో మనం అడగవలసి వచ్చింది. తేడా ఒక్కటే. అప్పుడు అర్థం కానిది పరాయి భాష.

నిజానికి వినకుండా పాట పెట్టుకోవడం హెడ్‌ఫోన్ కుర్రవాళ్ళు కనిపెట్టింది కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. అప్పటినుంచి దక్షిణాదిలో ఎన్నో ఇళ్ళలో అది మోగుతుండగా పళ్ళు తోముకుంటారు, పాలు కాస్తారు, సాక్సు జత వెతుక్కుంటారు. దేవుణ్ణి లేపే స్తోత్రం మనకు గడియారంగా పనికొస్తోంది. ఇందుకు తలకిందులుగా ఎరిక్ సతీ అనే ఫ్రెంచి సంగీతకారుడు 1920లో పారిస్‌లో ఒక ప్రయోగం చేశాడు. కుర్చీలు, బల్లల్లాగా గదిలో ఊరికే పడి ఉండే సంగీతమంటూ ఒకటి కట్టి, నాటకం విరామంలో వాయింపజేసి, దయచేసి వినవద్దు, మాట్లాడుకోండి, అటూ ఇటూ తిరగండి అన్నాడు. జనం నోరు మూసుకుని కూర్చుని శ్రద్ధగా విన్నారట. పాపం ఆయన ఎంత మొత్తుకున్నా వినకుండా ఉండలేకపోయారు. నూరేళ్ళలో మనం ఆ విద్య బాగానే నేర్చుకున్నాం.

వినకపోవడమంతా అవమానమేనా? జోలపాట సంగతి చూడండి. వినేవాడు వినడం మానేస్తేనే జోలపాట నెగ్గినట్టు. బిడ్డకు మాటల అర్థం అక్కర్లేదు, అమ్మ గొంతు అక్కడ ఉందని తెలిస్తే చాలు. మా వాడికి తెలుగు పాట అలాంటిదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. మాటగా కాదు, ఇంటి చప్పుడుగా. ఈ ఆలోచన నాకు కొంత ఊరట. పూర్తి ఊరట కాదు, ఎందుకంటే జోలపాట వినే బిడ్డ పెరిగి ఆ భాషలో మాట్లాడడం నేర్చుకుంటాడు. పాతికేళ్ళవాడు జోలపాట దగ్గరే ఆగిపోతే దాన్ని ఏమనాలి?

వాద్యం పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు కదా అంటారు. అది కూడా అంత తేలిక కాదు. 1893లో బెంగుళూరులో పుట్టి విజయనగరంలో వెలిగిన ద్వారం వెంకటస్వామి నాయుడి గారి ఫిడేలు పెట్టుకోండి. మన వాద్యగాళ్ళు వాయించేదీ కృతినే, కమాను సాహిత్యాన్ని పట్టుకునే నడుస్తుంది. కృతి తెలిసినవాడికి తీగ మీద కూడా మాటలే వినిపిస్తాయి. తెలియనివాడికే అది వట్టి వాద్యం. అంటే ఎంత తెలిస్తే అంత అడ్డు.

నన్ను అడిగితే టైపు చేసే పనికి, ఒకే రకం పరీక్షలు పదిసార్లు నడిపే పనికి ఏది పెట్టుకున్నా నష్టం లేదు. ఎలా కట్టాలా అని ఆలోచించే గంటలో మాత్రం ఏదీ వద్దు. తెలుగు పాట ఒకటో రెండో రోజు మొత్తంలో చేతిలో ఏ పనీ లేనప్పుడు, మాట తెలియకపోతే ఇంట్లో అడిగి తెలుసుకుంటూ వినాలి. ఇది మేనల్లుడికి చెప్పాను. ముందు ఒక వారం ఏమీ పెట్టుకోకుండా పని చేసి చూడమన్నాను.

వారం తరువాత ఫోను చేశాడు. "ఫ్యాను చప్పుడు వినిపిస్తాది మామా" అన్నాడు.