పిల్లలెంతమంది?

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు రాసుకోవడానికి ఒక టీచరమ్మ నరసరావుపేటలో మా ఇంటికొచ్చింది. వసారాలో కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాను. అన్నీ రాసుకుని మా అత్తగారివైపు తిరిగి, "మీకు పిల్లలెంతమంది బామ్మగారూ?" అనడిగింది.

"ఇద్దరమ్మా" అన్నారు మా అత్తగారు తడుముకోకుండా.

నేను తెల్లబోయాను. మా ఆడపడుచులు ముగ్గురు! టీచరమ్మకిది అలవాటేనేమో, "మరి ఆడపిల్లలో?" అంది నవ్వుతూ. ఆ ఫారంలో కొడుకులకొక గడి, కూతుళ్లకొక గడి విడిగా ఉన్నాయిట.

"ఆ, వాళ్లా! ముగ్గురున్నార్లే" అన్నారావిడ.

ఆ పూటకి అందరం నవ్వుకున్నాం. తరవాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. కన్నతల్లి నోటనే ముగ్గురు జారిపోతే, దేశం లెక్కలో ఎంతమంది జారిపోతారు?

మాది పల్నాడు. గురజాలలో నలగామరాజు కొలువున మంత్రిత్వం నెరపిన నాగమ్మ కథ పుట్టిన గడ్డ. ఏనాడో ఒక ఆడది రాజ్యం నడిపిందని గొప్పగానే చెప్పుకుంటాం. కారెంపూడి యుద్ధం మాట వచ్చేసరికి మాత్రం "అంతా ఆ నాయకురాలి వల్లే" అనేస్తాం. కత్తులు దూసినవాళ్లు మగవాళ్లే కదా అని అడిగేవాళ్లు తక్కువ. నింద మొయ్యాల్సినప్పుడు ఆడదాన్నే ముందు లెక్కపెడతాం!

ఇక అసలు లెక్కలు చూడండి. మన దేశంలో 1901లో వెయ్యిమంది మగవాళ్లకు 972 మంది ఆడవాళ్లుండేవారు. 1991 నాటికి 927కి దిగారు. 2011లో 943 అయ్యారు. అప్పటి మా గుంటూరు జిల్లాలోనైతే 1003! మావారికి చదివి వినిపించాను. "ఇంకేం, రాజ్యం మీదే" అన్నారాయన.

ఆ సంబరం ఒక్క పూటే. ఆరేళ్లలోపు పిల్లల లెక్క వేరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 975 మంది ఆడపిల్లలుంటే, 2001లో 961, 2011లో 939. ఆడవాళ్ల ఆయుర్దాయం పెరిగి నాలాంటి పెద్దవాళ్లం ఎక్కువయ్యాం గనక, మొత్తం లెక్క నిండుగా కనిపిస్తోంది. వెలితి ఉయ్యాలల దగ్గరుంది. నూరుమంది ఆడపిల్లలు పుడితే మగపిల్లలు 105 మంది దాకా పుట్టడం ప్రకృతి ధర్మమే. కాని పదేళ్లకోసారి ఇలా తరిగిపోవడం ప్రకృతి పనికాదు, మన పని.

పుట్టబోయేది ఎవరో ముందే చూసి చెప్పడం నేరమని 1994లోనే చట్టం చేశారు. చెప్పిన డాక్టరుకూ శిక్షే, చెప్పించుకున్నవాళ్లకూ శిక్షే. మా ఇంట్లో అలాంటి పని ఎవరూ చెయ్యలేదని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలను. కాని మా కోడలికి రెండోసారీ పాప పుట్టిన రోజున, మంచం పక్కన కూర్చుని, "పోనీలేమ్మా, ఈసారికింతే" అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను సుమండీ! ఆ పిల్ల మారుమాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

నా "పోనీలే"కి ఏ చట్టంలోనూ శిక్ష లేదు. స్కానింగు గదిలో ఆ మాట అడిగే ధైర్యం కొందరిదే. వాళ్లనక్కడిదాకా తోసేది మాత్రం పాపభీతి ఉన్న మనలాంటివాళ్ల నిట్టూర్పులే కాదూ? అయితే ఆ తరుగులో నా వాటా ఎంత? ఎంత కూడినా, తీసేసినా తేలలేదు.

ఆమధ్య శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లాం. ప్రభలు చూస్తూ నిలబడితే, పక్కనున్నావిడ మాట కలిపి, "మనవలెంతమందండీ?" అంది.

"ఇద్దరు."

"ఇద్దరూ మగపిల్లలేనా?"

"ఆడపిల్లలే" అనబోయి ఆగాను. "ఆడపిల్లలు" అన్నాను.

చివరనున్న ఆ చిన్న సాగదీత తీసెయ్యడానికి నాకిన్నేళ్లు పట్టింది!