మోగిన చోట ఏముంది?

మెటల్ డిటెక్టర్ లోహాన్ని చూపించదు. చప్పుడు చేస్తుంది, తెర మీద ఒక అంకె వేస్తుంది. ఆ చప్పుడుకు కారణం నేలలో పడి ఉన్న రూపాయి బిళ్లా, తుప్పుపట్టిన మేకా, చాక్లెట్ చుట్టిన రేకు కాగితమా అన్నది యంత్రం తేల్చే సంగతి కాదు. దాన్ని పట్టుకున్న మనిషి చేసే, తార్కికుల మాటలో, అనుమానం అది. కంటికి ఆనని వస్తువు గురించి ఒక గుర్తును బట్టి పలికిన మాట ఎప్పుడు జ్ఞానమవుతుంది, ఎప్పుడు ఉత్త ఊహగా మిగిలిపోతుంది అని భారతీయ తార్కికులు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నారు. ఏళ్ల తరబడి ఒకే యంత్రంతో తిరిగిన పాతకాపు చేతికి కొత్త యంత్రం వస్తే ఆ వాదం మళ్లీ మొదటికొస్తుంది.

ఈ వాదానికి గోదావరి సీమతో చుట్టరికం ఉంది. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, వేంగి రాజధానికి నైరుతి దిక్కున ఒంటరి కొండ మీద రాతి స్తూపం ఒకటి ఉందనీ, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రచించింది అక్కడేననీ రాసిపెట్టాడు. ఆ వేంగి నేటి ఏలూరుకు చేరువలోని పెదవేగి. దిఙ్నాగుడు కంచి ప్రాంతంవాడు, యాత్రికుడి కంటే వందేళ్లకు పైగా ముందువాడు; కాబట్టి హ్యూయన్‌త్సాంగ్ చెవినపడింది స్థానికులు చెప్పుకునే కథే కావచ్చు. కథ మాట ఎలా ఉన్నా, హేతువును, అంటే గుర్తును, పరీక్షించడానికి దిఙ్నాగుడు పెట్టిన నియమం డిటెక్టర్ పట్టినవాడికి ఇవాళ్టికీ అక్కరకొస్తుంది.

ముందు యంత్రం సంగతి. నేల మీద ఊపే పళ్లెం, అంటే కాయిల్‌లోని తీగచుట్టలో దిశ మార్చుకుంటూ ప్రవహించే విద్యుత్తు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దారిలో లోహం తగిలితే అందులో సుడి ప్రవాహాలు పుట్టి, తమ వంతుగా మరో క్షేత్రాన్ని పైకి పంపుతాయి. రెండో తీగచుట్ట దాన్ని అందుకుంటుంది. పంపినదానికీ తిరిగి అందినదానికీ మధ్య జరిగిన జాప్యాన్ని లెక్కగట్టి యంత్రం సన్నగానో బొంగురుగానో పలుకుతుంది. వెండి, రాగి వంటి మంచి వాహకాలు ఒక కొసన, ఇనుము మరో కొసన, మిగిలినవన్నీ నడుమ. తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రం పెద్ద వెండి వస్తువులను బాగా పడుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ యంత్రం సన్నటి బంగారు తునకలను బాగా పడుతుంది. ఒకే బిళ్ల రెండు యంత్రాల కింద రెండు రకాలుగా పలకడం అందుకే.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో విద్యార్థుల కోసం రాసిన తర్కసంగ్రహంలో, మనిషి తన కోసం తాను అనుమానం చేసుకునే తీరు వివరంగా ఉంది. వంటింట్లోనూ ఇతర చోట్లా పొగ ఉన్నప్పుడల్లా నిప్పు ఉండటం అతను పదేపదే చూస్తాడు. రెంటికీ ఉన్న విడదీయరాని సంబంధం, అంటే వ్యాప్తి, మనసులో నాటుకుంటుంది. తర్వాత కొండ మీద పొగ కనబడితే ఆ వ్యాప్తి గుర్తొచ్చి, అక్కడ నిప్పుందని తెలుసుకుంటాడు. పాతకాపు చెవిలో పోగుపడింది ఇలాంటి వ్యాప్తులే. ఈ మోతకు వెండి మెట్టె, ఈ గరగరకు గుర్రపు నాడా అని ఆలోచించకుండానే చెప్పగలడు. అయితే అతను నేర్చుకున్న వ్యాప్తి వెండికీ మోతకూ మధ్య ఉన్నది కాదు. వెండికీ ఆ ఒక్క యంత్రం మోతకూ మధ్య ఉన్నది. యంత్రం మారేదాకా ఆ షరతు బయటపడదు. పాతదాని మీద వెండి పట్టీకి వచ్చిన అంకె కొత్తదాని మీద సోడా మూతకు రావచ్చు. ఈ ఒక్క విషయంలో కొత్తగా నేర్చుకునేవాడే మెరుగు, మరచిపోవలసింది అతనికేమీ ఉండదు. పాతకాపుకు మాత్రం వేరే ఆస్తి ఉంది: కాయిల్‌ను నేలకు సమానంగా ఊపే చేతివాటం, ఒక దిక్కు నుంచి మోగినదాన్ని అడ్డంగా మరోసారి చూసే అలవాటు, ఎక్కడ శంకించాలో తెలియడం. అవి ఏ యంత్రానికైనా పనికొస్తాయి.

దిఙ్నాగుడు హేతువుకు మూడు లక్షణాలు చెప్పాడు. తేల్చవలసిన చోట, అంటే పక్షంలో, అది ఉండాలి. సాధ్యం, అంటే తేల్చదలచినది, ఉన్నదని ముందే తెలిసిన సపక్షంలో కనబడాలి. సాధ్యం లేదని తెలిసిన విపక్షంలో ఎక్కడా కనబడకూడదు. కొత్త యంత్రాన్ని మచ్చిక చేసుకునే పనిలో ఈ మూడూ ఉన్నాయి. తెలిసిన వస్తువులను తెలిసిన లోతుల్లో పాతిపెట్టి, గుర్తులు పెట్టుకుని, వాటి మీద కాయిల్ ఊపి చూస్తారు. గోదావరి గట్టున సపక్షం అంటే జార్జి రాజు బొమ్మ ఉన్న కంచు పావు అణా, 1960ల నాటి అల్యూమినియం పైసలు, పాత రాగి-నికెల్ రూపాయి, వెండి మెట్టె. విపక్షం అంటే పడవ మేకు, బీరు సీసా మూత, మాత్రల రేకు. చాలామంది సపక్షంతో సరిపెట్టుకుంటారు. వెండి మీద చక్కగా మోగితే యంత్రం తెలిసిపోయిందనుకుంటారు. అసలు చదువు విపక్షం దగ్గరే ఉంది. వెండికి మోగినట్టే మూతకూ మోగుతుంటే ఆ మోత వెండికి హేతువు కాదు. తార్కికుల లెక్కలో అది వ్యభిచరించే హేతువు, అనైకాంతికం. చదునుగా గుండ్రంగా ఉండే ఉక్కు రేకులు చాలా యంత్రాలను ఇలాగే మోసం చేస్తాయి.

రూపాయి బిళ్ల దగ్గర చిక్కు మరింత ముదురుతుంది. 1992 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయికి అయస్కాంతం అంటుకుంటుంది. అంతకు ముందరి రాగి-నికెల్ రూపాయికి అంటుకోదు. రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుండగా కిటికీలోంచి గోదారమ్మకు చిల్లర వేసి దండం పెట్టుకోవడం ఈనాటి అలవాటు కాదు. రేవుల్లో తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలో ఈడ్చే పిల్లలకు స్టీలు బిళ్లలు అతుక్కుని పైకొస్తాయి, పాతవి ఇసుకలోనే ఉండిపోతాయి. ఇనుము మోతను నొక్కేసేలా డిస్క్రిమినేషన్ పెంచిన డిటెక్టర్ సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తుంది: మేకులతో పాటు స్టీలు రూపాయిని కూడా వదిలేసే ప్రమాదం ఉంది. ఒకే రేవులో రెండు పరికరాలు, ఒకదానికి దొరికేది ఇంకోదానికి దొరకదు. ఇద్దరూ సాయంత్రం కూర్చుని ఆ రేవులో ఏమున్నదో చెప్పుకుంటే రెండు వేర్వేరు రేవుల కథల్లా ఉంటాయి.

బంగారం ఇంకా కష్టం. సన్నటి ఉంగరం, ముక్కుపుడక, మాత్రల రేకు, సిగరెట్టు పెట్టెలోని రేకు ఇంచుమించు ఒకే వరుసలో పలుకుతాయి. చెత్తను వదిలించుకోవాలని ఆ వరుసను నొక్కేస్తే ఉంగరమూ పోతుంది. ఏ యంత్రమూ ఈ ముడిని పూర్తిగా విప్పలేదు.

మళ్లీ కొండ మీది పొగ సంగతికి వస్తే, పొగను బట్టి నిప్పును చెప్పవచ్చు గానీ నిప్పును బట్టి పొగను చెప్పలేం. తడి కట్టె ఉంటేనే నిప్పుకు పొగ వస్తుంది. ఇలా వ్యాప్తి వెనక దాగి ఉండే షరతును ఉపాధి అంటారు. డెల్టాలో ఈ ఉపాధి పేరు నేల. గోదావరి దక్కన్ బసాల్టు రాళ్ల మీదుగా వస్తూ ఇనుము కలిసిన బరువైన నల్ల రేణువులను మోసుకొస్తుంది. కాకినాడ నుంచి అంతర్వేది దాకా తీరంలో మాగ్నటైటు, ఇల్మెనైటు కలిసిన నల్లిసుక చారలు చారలుగా కనబడేది అందుకే. నది నడుమ లంక పొలం ఒండ్రులో బుద్ధిగా ఉన్న యంత్రం ఈ చారల మీద లోహం లేకుండానే కూతలు పెడుతుంది. ఉప్పునీటి తడి తోడైతే మరీను, ఆ తడి కూడా విద్యుత్తును మోస్తుంది కాబట్టి. గ్రౌండ్ బ్యాలెన్స్ అనే సర్దుబాటు పని ఈ ఉపాధిని గుర్తించి లెక్కలోంచి తీసేయడం. పొలంలో సర్దుకున్నది తీరంలో చెల్లదు. తీరంలో కూడా పొడి ఇసుకలో సర్దుకున్నది అలల అంచున చెల్లదు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరంలో బంగారు తునకలు దొరుకుతున్నాయని జనం ఎగబడి ఇసుకను వెతికారు. అల బరువైనవాటిని ఒక చోట చేరుస్తుంది కాబట్టి బంగారం ఉండదగిన చోటు, నల్లిసుక పేరుకునే చోటు తరచూ ఒకటే అవుతాయి. యంత్రం ఎక్కువగా తడబడేదీ అక్కడే.

ఉపాధిని గమనించకపోతే ఏమవుతుందో 1881లో అమెరికాలో తేలింది. అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగబడిన తుపాకీ గుండు కోసం టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ తన పరికరంతో వెతికాడు. ప్రయోగశాలలో సరిగ్గా పలికిన పరికరం రోగి మీద అర్థంకాని మోతలు పెట్టింది. పరుపు కింద ఉక్కు స్ప్రింగులున్నాయి. పైగా వైద్యుడు కుడి వైపే వెతకనిచ్చాడు. చనిపోయాక కోసి చూస్తే గుండు ఎడమ వైపు ఉంది. పరికరం తప్పు ఇందులో తక్కువ. స్ప్రింగులు ఉపాధి, వెతకనిచ్చిన చోటు అసలు పక్షమే కాదు.

మోగినదాన్ని నమ్మాలా? మీమాంసకులు జ్ఞానానికి ప్రామాణ్యం, అంటే అది సరైనదనే హామీ, స్వతస్సిద్ధమన్నారు; బాధకం కనబడేదాకా నమ్మవచ్చు. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు ప్రామాణ్యం బయటి నుంచి రావాలన్నారు. నీళ్లని తోచిన చోటికి వెళ్లి తాగితే దాహం తీరాలి. డిటెక్టర్ పట్టినవాడు ఈ రెండు మతాల్లోనూ ఉంటాడు. పరిచయమైన యంత్రంతో నడుస్తున్నంతసేపూ మీమాంసకుడు; ప్రతి మోతనూ శంకిస్తే సాయంత్రానికి పది గజాలు కూడా సాగడు. కొత్త యంత్రంతో మొదటి వారాల్లో నైయాయికుడే కావాలి: చెత్తనిపించిన మోతను కూడా తవ్వి, మోగిన తీరునూ దొరికినదాన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. మంచిగా మోగినవే తవ్వేవాడికి విపక్షం ఎన్నటికీ తెలియదు.

మోగకపోతే ఏమీ లేనట్టేనా అన్నది వేరే ప్రశ్న, దీన్ని ఎక్కువమంది అడగనే అడగరు. మీమాంసకుల్లో కుమారిల భట్టును అనుసరించినవారు కనబడకపోవడాన్నే ఒక ప్రమాణంగా ఒప్పుకున్నారు. అయితే ఉంటే కనబడి తీరవలసిన వస్తువు విషయంలోనే అది చెల్లుతుందన్నారు. వెలుగున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో ఆ మాట అనలేం. రూపాయంత బిళ్ల అడుగు లోతు దాటితే మామూలు యంత్రాలకు అందడం కష్టం. డెల్టా నేల వరద వెంట వరద ఒండ్రు పరుచుకుని లేచిన నేల. పాత ఊళ్ల నేలమట్టాలు ఆ అడుగు కంటే ఎంతో కిందికి వెళ్లిపోయి ఉండవచ్చు. లంకలో యంత్రం పలకలేదంటే పై అడుగులో పెద్దగా ఏమీ లేదని అర్థం, అంతే.

తవ్వి చూడటం మోతకు సాక్ష్యం ఇస్తుంది. చరిత్ర విషయంలో అదే సాక్ష్యాన్ని చెరుపుతుంది కూడా. నాణెం ఏ పొరలో ఉంది, పక్కన ఏమున్నాయి, కుండలో ఉందా విడిగా ఉందా అన్నవి చరిత్రకారుడికి హేతువులు. పార పడ్డాక అవి తిరిగిరావు. ధవళేశ్వరంలో దొరికిన బంగారు నాణేల నిధిపై మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1966లో ప్రత్యేక సంచిక వెలువరించింది. తూర్పు చాళుక్యుల నాణేలు, చోళుల నాణేలు ఒకే నిధిలో ఉండటమే దాని విలువ. చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని పెళ్లాడిన కాలపు రాజకీయం ఆ పొత్తులో కనబడుతుంది. అదే నాణేలు ఒక్కొక్కటిగా కంసాలి కొట్టుకు చేరి ఉంటే మిగిలేది బంగారం తూకం.

ధర్మశాస్త్రాలు ఈ తవ్వకాన్ని వేరే వైపు నుంచి చూశాయి: దొరికింది ఎవరిది? యాజ్ఞవల్క్య స్మృతి నిధిలో రాజుకు వాటా పెట్టింది. దొరికిన సంగతి దాచి బయటపడినవాడి చేత నిధినీ కక్కించి దండుగ కూడా వేయించమంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంచుమించు అదే దారిలో నడుస్తుంది. నేలలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువైనదేదైనా దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు. నిధికి అసలు సొంతదారు తేలకపోతే, స్థలం యజమానితో ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవాడికి ముప్పాతిక, యజమానికి పాతిక. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టమూ వర్తిస్తుంది. గుంటుపల్లి బౌద్ధ గుహల వంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకం 1958 చట్టం ప్రకారం నిషిద్ధం. నిధిని ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలని 1878 చట్టం చెబుతోంది.