పరుల ఖర్చుతో పరదేశ పరిచర్య

ధ్యాన భాగము: ఫిలిప్పీయులకు 2:25–30; 4:10–18



మద్దిలపాలెం కూడలిలో బస్సు దిగి నలుదిక్కులు చూచిన యెడల, విదేశములకు దారి చూపెదమను బోర్డులు కనబడును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దాపుననే ఉండుటచేత మన పల్లెల పిల్లలనేకులు ఆ చుట్టుపట్ల గదులు అద్దెకు తీసికొని చదువుచున్నారు. వారిలో కొందరు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఈ మధ్య ఒక మాట తెచ్చుచున్నారు. "అయ్యగారూ, ఒక సంవత్సరం విదేశంలో సేవ చేసే అవకాశం ఉందండి. విమానం ఖర్చు, బస, భోజనం అంతా వాళ్ళే పెట్టుకుంటారు. మీరొక ఉత్తరం రాసివ్వాలండి" అని అడుగుచున్నారు.

ఈ మాట విన్నప్పుడు సంఘములో రెండు తలంపులు పుట్టుచున్నవి. పెద్దలు కొందరు, "సేవ అంటే మన చేతి డబ్బు పెట్టి చేసేది. ఎవరో టిక్కెట్టు కొని, ఎవరో అన్నం పెడితే అది సేవెలా అవుతుంది? షికారవుతుంది" అందురు. మరికొందరు, "ఎవరి సొమ్మయితేనేం? కుర్రవాడు ఒడ్డున పడితే చాలు" అందురు. మొదటి మాటలో రోషమున్నది, రెండవ మాటలో ఇంటి బాధ ఉన్నది. ఈ రెంటిలో ఏది వాక్యమునకు సరిపడునో విచారింతము.

మొదట ఈ ఏర్పాటు ఎట్టిదో తెలిసికొందము. 1961లో అమెరికా ప్రభుత్వము పీస్ కోర్ అను సేవాదళమును స్థాపించి తన యౌవనస్థులను పరదేశములకు పంపెను. వారు ఆ సంవత్సరము మొదలుకొని 1976 వరకు మన దేశములోను పని చేసిరి. 1970లో ఐక్యరాజ్య సమితి తన స్వచ్ఛంద సేవకుల ఏర్పాటునకు తీర్మానము చేసెను. జర్మను ప్రభుత్వము 2008లో వెల్ట్‌వేర్ట్స్, అనగా లోకము వైపునకు, అను పేర ఒక ఏర్పాటు ప్రారంభించెను. పదునెనిమిది మొదలు ఇరువదియెనిమిది ఏండ్ల లోపు వారిని పరదేశములకు పంపుట దాని పని. ఖర్చులో అధిక భాగము ప్రభుత్వమే భరించును. కొన్ని ఏండ్లకు ఇతర దేశముల యౌవనస్థులును జర్మనీకి వచ్చి సేవ చేయుటకు ఆ ద్వారము తెరువబడెను. ఇట్టి ఏర్పాట్లలో వెళ్ళువానికి సాధారణముగా ఉద్యోగపు జీతము లేదు. బస, భోజనము, చేతి ఖర్చునకు కొద్ది సొమ్ము దొరకును. పాఠశాలలోనో, వృద్ధుల గృహములోనో, వికలాంగుల గృహములోనో పని చేయవలెను.

ఇంతకంటె మనకు దగ్గరి సంగతి ఒకటి కలదు. 1795లో లండనులో పుట్టిన మిషనరీ సంఘము పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు 1805లో మన విశాఖపట్నమునకు వచ్చిరి. వారు తెలుగు నేర్చి, ఆనందరాయర్ అను సహోదరుని సహాయముతో సువార్తలను మన భాషలోనికి తెచ్చుటకు పాటుపడిరి. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ ఈ ప్రాంతముననే కన్ను మూసిరి. వారి ఓడ ప్రయాణమునకు డబ్బు ఇచ్చినదెవరు? దూరదేశపు విశ్వాసులే చందాలు వేసికొని ఇచ్చిరి. పరుల ఖర్చుతో వచ్చినవాడు సేవకుడు కాడని మనము చెప్పిన యెడల, మన ఊళ్ళకు సువార్త తెచ్చినవారిలో ఎందరు సేవకులుగా మిగులుదురు?

వాక్యమునకు రండి. పౌలు బంధకములలో ఉన్నాడు. ఫిలిప్పీ సంఘమువారు కానుక కూర్చి ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపిరి. కానుక అందించుట మాత్రమే కాక, పౌలు అక్కరలలో ఉపచరించుట కూడ అతని పని. ఇతడు సంఘము పంపగా పరదేశమునకు పోయిన సేవకుడు. అక్కడ అతడు జబ్బుపడి చావునకు సమీపించెను. అయినను అతని దుఃఖము తన జబ్బును గూర్చినది కాదు. తాను జబ్బుపడిన సంగతి ఇంటి సంఘము విన్నదని అతడు విచారపడెను. తనను పంపినవారు తన నిమిత్తము కలతపడుచున్నారని ఎరిగినవాడు అతడు. పౌలు అతనిని తిరిగి పంపుచు, ఇట్టివారిని సంతోషముతో చేర్చుకొని ఘనపరచుడని వ్రాసెను. అంతేకాదు, అదే పత్రిక నాలుగవ అధ్యాయములో, వచ్చిన కానుక తనకు పూర్తిగా ముట్టినదని షావుకారు చెల్లు వ్రాసి ఇచ్చినట్లు ఒప్పుకొనెను. సొమ్ము ఎక్కడనుండి బయలుదేరినది, ఎవరి చేతిలో నడచినది, ఎక్కడ ముట్టినది, అంతయు వెలుగులో ఉన్నది.

దీనిని బట్టి ఒక భేదము మనకు తేటపడును. ప్రయాణికుడు వేరు, పంపబడినవాడు వేరు. ప్రయాణికుడు తన సొంత డబ్బుతో పోయినను తన కొరకే పోవును. పంపబడినవాడు పరుల డబ్బుతో పోయినను తన కొరకు పోడు. అతని వెనుక ఒక సంఘమున్నది, అతని ముందు ఒకరి అక్కర ఉన్నది. టిక్కెట్టు ఎవరు కొనిరని కాదు మనమడుగవలసినది. ఆ కుర్రవాడు ఎవరికి లెక్క అప్పగించవలెనో అడుగవలెను.

మన తెలుగు సంఘములే ఇట్లు పంపిన సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియును? 1860లో మద్రాసునుండి ట్రూరో అను ఓడ ఆఫ్రికా దక్షిణపు కొసనున్న నేటాలునకు కూలీలను మోసికొని పోయెను. 1911 వరకు సుమారు 1,52,000 మంది మన దేశస్థులు ఒప్పంద కూలీలుగా ఆ చెరకు తోటలకు, తేయాకు తోటలకు, గనులకు పోయిరి. వారిలో తెలుగువారు అనేకులు. అందులో బాప్తిస్టు విశ్వాసులును ఉండిరి. వారికి తమ భాషలో వాక్యము చెప్పు కాపరి లేక పిలుపు పంపిరి. మన తెలుగు బాప్తిస్టుల స్వదేశ మిషనరీ సంఘము జాన్ రంగయ్యగారిని 1903లో అక్కడికి పంపెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే కియర్స్నీ అను తోటలో తెలుగు సంఘము స్థాపింపబడెను. రంగయ్యగారు 1915లో మరణించువరకు ఆ కూలీల మధ్యనే పరిచర్య చేసిరి.

అదే 1903లో తిరునెల్వేలి అరవ క్రైస్తవులు తమ కానుకలతో ఒక మిషనరీ సంఘమును స్థాపించుకొని, మరుసటి సంవత్సరము మన తెలుగు దేశములోని దోర్నకల్లునకు సేవకులను పంపిరి. ఆ సంఘమునకు మూలపురుషులలో ఒకరైన అజరయ్యగారు తరువాత తామే అక్కడికి వచ్చి, 1912లో దోర్నకల్లు బిషప్పు అయిరి. తెలుగువారి కానుక సముద్రము దాటి పోవుచున్న దినములలోనే అరవవారి కానుక తెలుగువారి యొద్దకు వచ్చుచున్నది. బీదసంఘములు ఇచ్చుటకు ధనవంతులమయ్యే వరకు కనిపెట్టలేదు. పుచ్చుకొనుచునే ఇచ్చినవి.

ఇప్పుడు పెద్దల రోషపు మాటకు జవాబు చెప్పవచ్చును. తన డబ్బు పెట్టి చేసినదే సేవ అయిన యెడల, సేవ చేయు భాగ్యము ధనవంతుల బిడ్డలకు మాత్రమే మిగులును. పోర్టులో దినకూలి చేయువాని కుమారునికి విమానపు టిక్కెట్టు కొను శక్తి ఎక్కడిది? ఇతరులు ఖర్చు భరించుటచేతనే బీదవాడు కూడ ఇచ్చువాడగుటకు వీలు కలుగుచున్నది. అతడు ఇచ్చునది తన యౌవనములో ఒక సంవత్సరము. కూలివాని ఇంట ఒక సంవత్సరము చిన్న కానుక కాదు. ఆ సంవత్సరపు సంపాదన పోవును, అప్పుకు వడ్డీ పెరుగును, చెల్లెలి పెండ్లి వెనుకబడును. కానుక పెట్టెలో రెండు చిన్న నాణెములు వేసిన విధవరాలి కానుకను ప్రభువు ఎట్లు లెక్కించెనో మీకు తెలియును.

అయితే ఆ సంవత్సరపు లోటును తల్లి ఒక్కతే మోయవలెనా? ఇక్కడ సంఘము తన్ను తాను పరీక్షించుకొనవలెను. బిడ్డను వేదికమీద నిలువబెట్టి, దండ వేసి, ప్రార్థన చేసి పంపుట సులభము. అతడు లేని నెలలలో ఆ తల్లి జ్వరముతో పడియున్నప్పుడు ఆసుపత్రికి తీసికొని పోవువారెవరు? కోత కాలమున ఆ ఇంటి చేలో ఒక పూట నిలుచువారెవరు? మన స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము తీసి దేవుని కొరకు దాచు వాడుక మనకున్నది. ఆ పిడికెడు ఆ ఇంటికి పోవచ్చును. విమానపు ఖర్చు పరదేశపువారు పెట్టిరి గనుక మన పని తీరినదనుకొనకూడదు. ఏమియు ఇయ్యని సంఘము అతనిని పంపిన సంఘమని ఎట్లు చెప్పుకొనును?

ఇక రెండవ మాట. కుర్రవాడు ఒడ్డున పడితే చాలునను తల్లిదండ్రులను నేను నిందింపను. ఆకలి ఎరిగినవారు బిడ్డకు అన్నము కోరుదురు. పరదేశమునకు పోవలెనను యౌవనస్థుని మనస్సులో సేవయు ఉండును, లోకము చూడవలెనను ఆశయు ఉండును, తరువాత ఉద్యోగము దొరకునేమో అను తలంపును ఉండును. ఈ మూడును కలిసియున్నందున అతడు వేషధారి కాడు. మనలో ఎవరి మనస్సు ఒక్క దారముతో నేయబడినది? కాని గేహజీని జ్ఞాపకము చేసికొనుడి (2 రాజులు 5). నయమాను ఇవ్వజూపిన కానుకను ఎలీషా నిరాకరించెను. గేహజీ రథము వెంట పరుగెత్తి, యజమానుని పేర అబద్ధము చెప్పి పుచ్చుకొని, ఇంటిలో దాచెను. యజమానుడు అడిగినప్పుడు తాను ఎక్కడికిని పోలేదనెను. ఆశ పుట్టుటతో అతని కథ ముగియలేదు. సేవ పేరు చెప్పి ఆశను దాచుటచేత అతడు చెడెను.

గనుక ఉత్తరము కొరకు వచ్చు యౌవనునితో నేను చెప్పునది ఇదే. "బాబూ, నీ ఆశ నాకు చెప్పు, పంపువారికీ చెప్పు. సేవ అని వెళ్ళి, అక్కడ దిగగానే తప్పించుకుని వేరే పనిలో చేరదామని మనసులో ఉంటే, ఈ ఉత్తరం నీకు అక్కరలేదు. ఉద్యోగం కావాలంటే ఉద్యోగానికే అర్జీ పెట్టు, అందులో సిగ్గేమీ లేదు." ఎందుకనగా అక్కడ ఒక వృద్ధురాలు అతని చేయి పట్టుకొని నడచుటకు ఎదురు చూచును. అతడు మాయమైన యెడల ఆమె చేయి ఖాళీగా ఉండును. ఆ తరువాత మన ప్రాంతమునుండి అడుగు పిల్లవానికి ఆ తలుపు తెరువబడుట కష్టమగును.

మార్కు అనబడిన యోహాను సంగతి కూడ చదువుడి. అతడు సగము దారిలో పౌలును విడిచి యెరూషలేమునకు తిరిగి వచ్చెను (అపొ. 13:13). తరువాత అదే పౌలు, అతడు తనకు పరిచర్య విషయములో ప్రయోజనకరుడని వ్రాసెను (2 తిమోతి 4:11). పరదేశములో ఇల్లు గుర్తుకు వచ్చి, చలి ఓర్వలేక తిరిగి వచ్చు బిడ్డ యుండవచ్చును. అతనిని ఎగతాళి చేయకుడి. బలహీనత వేరు, మోసము వేరు.

మరియొక సంగతి. ప్రభువు తన సాక్షులకు ఇచ్చిన వరుసలో యెరూషలేము మొదట ఉన్నది, భూదిగంతములు చివర ఉన్నవి (అపొ. 1:8). 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖమీద పడినప్పుడు చెట్లు కూలి దారులు మూతపడెను, దీపములు ఆరెను. అట్టి దినములలో ఎవరును పిలువకయే గొడ్డలి పట్టి వీధిలోనికి పోవువాడును, పొరుగింటి ముసలమ్మకు బిందెడు నీళ్ళు మోయువాడును పరదేశమునకు తగినవాడు. ఇంట కంచము కడుగనివాడు పరదేశపు వృద్ధుల గృహములో ఏమి కడుగును? ఉత్తరము వ్రాయుటకు ముందు మన వీధిలో అతడు ఏమి చేసెనో పెద్దలు విచారించుట మంచిది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఖర్చంతయు మావారే భరింతురని చెప్పుచు, ముందుగా లక్షలు కట్టుమను దళారిని నమ్మకుడి. పిలుచువారి ఉత్తరమును, పని ఏమో, గడువు ఎంతో, ఎవరు ఏ ఖర్చు భరింతురో వ్రాతమూలముగా చూడుడి. పాసుపోర్టును దళారి చేతిలో విడిచి రాకుడి. చదువుకొనినవారిచేత ప్రతి కాగితమును చదివించుకొనుడి. ఎపఫ్రొదితు కానుకవలె ఈ లెక్కయు వెలుగులో ఉండవలెను.

పిల్లలారా, మీరు అడుగవలసిన ప్రశ్నలు మూడు. నన్ను అక్కడ అడిగినవారెవరు? నేను మోసికొని పోవునది వారికి అక్కరయైనదేనా? తిరిగి వచ్చి నేను లెక్క చెప్పవలసినది ఎవరికి? ఈ మూడింటికి నిజమైన జవాబులు ఉన్న యెడల, పరుల సొమ్ము తినుచున్నానని సిగ్గుపడకుడి. కృతజ్ఞతతో తినుడి, కష్టపడి పని చేయుడి, అక్కడి భాష నేర్చుకొనుడి. గడువు ముగిసిన పిమ్మట తిరిగి వచ్చి, సంఘము ఎదుట నిలిచి, చూచినది, చేసినది, చేయలేకపోయినది చెప్పుడి. మేము సంతోషముతో చేర్చుకొందుము.

ప్రభువు మన ఇండ్లలోనుండి పంపదగిన బిడ్డలను లేపును గాక. వారిని పంపదగిన సంఘములుగా మనలను చేయును గాక. ఆమేన్.