ఆఫీసులో ధ్యానం నేర్పిన అధికారి

బర్మా స్వతంత్రమైన 1948 జనవరి 4నే ఊ బా ఖిన్ ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ అయ్యారు. గుమాస్తాగా చేరి, పరీక్షలు రాస్తూ ఆ కుర్చీ దాకా ఎదిగిన ఉద్యోగి ఆయన. 1937లో సయా తెట్‌జీ అనే రైతు దగ్గర విపశ్యన ధ్యానం నేర్చుకున్నారు. ఆ గురువూ గృహస్థే. సంసారంలో, కొలువులో ఉంటూ సాధన కుదరదనేవారికి ఈ గురుపరంపరే జవాబు.

1941లో వేబూ సయడో అనే భిక్షువు ఆయన సాధనలోని లోతు గుర్తించి, ఇక ఇతరులకు నేర్పమని ప్రోత్సహించారు. 1950లో ఊ బా ఖిన్ తన కార్యాలయంలోనే విపశ్యన సంఘం నెలకొల్పి ఉద్యోగులకు నేర్పసాగారు. 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం వెలిసింది. లంచాన్ని దగ్గరికి రానివ్వని అధికారిగా ఆయనకు పేరుంది. ధ్యానం ఏం చేస్తుందో కింది ఉద్యోగులు ప్రసంగాల్లో వెతుక్కోనక్కర్లేదు, ఎదుటి బల్ల దగ్గరే చూడగలిగారు.

మాండలేలో పుట్టిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన పార్శ్వనొప్పితో 1955లో ఆయన దగ్గరికి వెళ్లారు. తలనొప్పికి మందుగా అయితే చేర్చుకోనన్నారు గురువు. మనసు శుద్ధి కోసం వస్తే దేహబాధ తగ్గడం దాని వెంట రావచ్చు, అంతే. ఆరోగ్యం పేరుతో ధ్యానాన్ని అందిస్తున్న నేటి సంస్థలు అన్నిటికన్నా ముందు ఆలోచించవలసిన మాట ఇదే. ఆ తర్వాత 14 ఏళ్లు గురువు నీడలో సాధన చేశాకే గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు ప్రారంభించారు.

పది రోజుల శిబిరంలో తెల్లవారుజామున 4 గంటలకే గంట మోగుతుంది. మొదట మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి రాకపోకలను గమనించడమే పని. నాలుగో రోజు నుంచి తల మొదలు పాదం వరకు ఒంట్లో పుట్టే స్పందనలను, ఇష్టాయిష్టాలకు లోనుకాకుండా చూడడం అభ్యాసం. మోకాళ్లు సలుపుతాయి, పాత కోపాలు పైకి తేలతాయి, కొందరికి పారిపోవాలనిపిస్తుంది. అప్పుడు శిష్యుడు అడిగే ప్రశ్నకు పుస్తకజ్ఞానం చాలదు. ఆ నొప్పిలో తానూ కదలకుండా కూర్చున్నవాడి మాటకే అక్కడ బరువుంటుంది. అందుకే సహాయ ఆచార్యులుగా దీర్ఘకాలం సాధన చేసినవారినే తీసుకుంటారు. వారికి జీతం ఉండదు, శిబిరానికి రుసుమూ ఉండదు.

జైళ్లలోనూ ఇదే పద్ధతి ఫలించింది. 1975లో జైపూర్ కేంద్ర కారాగారంలో శిబిరానికి చొరవ చూపిన రాజస్థాన్ హోం కార్యదర్శి రామ్‌సింగ్ స్వయంగా సాధకుడు. కిరణ్ బేడీ జైళ్ల ఉన్నతాధికారిగా ఉన్న కాలంలో ఢిల్లీలోని తిహార్ జైల్లో ఖైదీలతోపాటు జైలు సిబ్బందీ కోర్సుకు కూర్చున్నారు. 1994లో అక్కడ వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి శిబిరంలో పాల్గొన్నారు. తెలుగునాట ఈ పద్ధతి నేర్పే ధమ్మఖేత్త కేంద్రం హైదరాబాదు శివార్లలో, వనస్థలిపురం దగ్గర ఉంది. కోర్సు ముగించి వెళ్లేవారికి అక్కడ చెప్పేది రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమని. నేర్పేవారికీ ఆ నియమం తప్పదు.