పరీక్షయు, సత్యనిష్ఠయు

సత్యమును తెలిసికొనుట వేరు. తెలిసిన సత్యమునకు తల వంచుట వేరు. మొదటిది బుద్ధికి సంబంధించిన పని. రెండవది శీలమునకు సంబంధించినది. ఈ రెండింటి నడుమ గల దూరమెంతయో గ్రహించుటకు నేటి కాలమున కొన్ని దేశములలో వ్యాపించిన ఒక వింత వాదము తగిన నిదర్శనముగా నున్నది. భూమి గోళాకారము కాదనియు, బల్లపరుపుగా నున్నదనియు ఆ వాదము. దానిని చెప్పువారిలో కొందరు మాటలతో తృప్తి చెందక ప్రయోగములకు సైతము పూనుకొనుచున్నారు. రబ్బరు బెలూనులకు కెమెరాలు కట్టి మిన్నునకు పంపి, భూమి యంచు వంగియున్నదా లేదా యని చూచుచున్నారు. వీరిని చూచి నవ్వి యూరకుండుట సులభము. కాని ఇందు నవ్వుకంటె యోచనకు తగిన విషయమే అధికముగా గలదు.

భూమి గోళమను జ్ఞానము క్రొత్తది కాదు. క్రీ.శ. 499 నాటి తన గ్రంథమున ఆర్యభటుడు భూగోళమును కదంబ పుష్పముతో పోల్చెను. కదంబపు ఉండ చుట్టును పూరేకులు నిండియున్నట్లు భూమి చుట్టును ప్రాణులు నివసించుచున్నవని దాని భావము. అయినను, నేడు భూమి గుండ్రనిదని చెప్పు నూరుగురిలో ఎందరు స్వయముగా పరీక్షించి చెప్పుచున్నారు? బడిలో ఉపాధ్యాయుడు చెప్పెను, పుస్తకమున అచ్చయినది, కావున నమ్మితిమి అందురు. ఆ నమ్మకము నిజమే. కాని అది అరువు తెచ్చుకొనిన నిజము. కనుక “నా కన్నులతో చూచెదను” అని బయలుదేరిన వానిని దోషిగా ఎంచరాదు. ప్రశ్నించుట తప్పు కాదు. మరి తప్పు ఎచ్చట మొదలగును?

ఇందుకు ఇంగ్లండు దేశపు పూర్వకథ యొకటి తోడ్పడును. 1838లో శామ్యూల్ రోబోథమ్ అనునతడు ఓల్డ్ బెడ్‌ఫర్డ్ అను తిన్నని కాలువలో దిగి, నీటి మట్టమునకు ఎనిమిది అంగుళముల ఎత్తున దూరదర్శినిని పట్టి, ఆరు మైళ్లు పోయిన పడవను చూచెను. భూమి గోళమైనచో పడవ నీటి వంపు వెనుక మరుగుపడవలెను. కనబడుచున్నది కావున భూమి సమతలమే యని అతడు ప్రకటించెను. నీటిని ఆనుకొనియున్న గాలి పొరలలో కాంతికిరణము వంగి పయనించునను సంగతిని లెక్కింపలేదు.

1870లో జాన్ హాంప్‌డెన్ అను నతడు అదే వాదమును సమర్థించుచు 500 పౌండ్ల పందెము వేయగా, ప్రకృతి శాస్త్రజ్ఞుడైన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ దానికి ఒప్పుకొనెను. వాలెస్ యౌవనమున భూమి కొలతల పని చేసినవాడు. అతడు చూపు రేఖను నీటికి పదమూడు అడుగులకు పైన నుంచి, రెండు కొనలయందును నడుమను సమానమైన ఎత్తున గుర్తులు నిలిపెను. భూమి సమతలమైనచో మూడును ఒకే వరుసలో కనబడవలెను. నడిమి గుర్తు పైకి లేచి కనబడెను. మధ్యవర్తి వాలెస్ గెలిచెనని తీర్పు చెప్పెను.

హాంప్‌డెన్ ఒప్పుకొనలేదు. ఏండ్ల తరబడి దూషణ లేఖలు వ్రాసెను. వాలెస్ భార్యకు సైతము బెదిరింపు లేఖ పంపెను. ఆ నేరమునకు చెరసాలకు పోయెను. పందెములు చట్టరీత్యా చెల్లనందున సొమ్మును మాత్రము కోర్టు ద్వారా తిరిగి పొందెను. వాలెస్ 1905లో వెలువడిన తన ఆత్మకథలో ఈ పందెమును జీవితమున మిక్కిలి చింతింపదగిన ఘటనగా చెప్పుకొనెను. ఇందు దోషము ఒక్కరిది కాదు. సత్యమునకు వెల కట్టినంతనే ఓడినవాడు తల వంచుట కష్టమగును. ధనమును, పరువును రెండింటిని పోగొట్టుకొనిన గాని అతడు సత్యమును చేరలేడు. ఎదుటివానికి అట్టి దారి చూపిన పండితుడును కొంత బాధ్యుడే.

ఇక బెలూను మాట. 1935 నవంబరులో అమెరికాలో “ఎక్స్‌ప్లోరర్ 2” అను బెలూను ఇద్దరు మనుష్యులతో 22,066 మీటర్ల ఎత్తునకు పోయి, భూమి వంపును ఛాయాచిత్రమున చూపెను. నాడు సైన్యమును, నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీయు కలిసి చేసిన పనిని నేడు కళాశాల విద్యార్థులు చేయగలుగుచున్నారు. హీలియము నింపిన రబ్బరు బెలూను క్రింద థర్మోకోల్ పెట్టెలో కెమెరాను, జాడ తెలుపు యంత్రమును, పారాచూటును అమర్చి వదలుదురు. అది రెండు గంటలలోపున సుమారు 30 కిలోమీటర్లు ఎక్కును. అచ్చట గాలి ఒత్తిడి నేలపై నున్నదానిలో నూరవ వంతు మాత్రమే కావున బెలూను ఉబ్బి ఉబ్బి పగులును. పెట్టె పారాచూటుతో దిగును.

ఆ ఎత్తున క్షితిజము 600 కిలోమీటర్లకు పైగా దూరమున నుండి, కంటి మట్టమునకు అయిదున్నర డిగ్రీలు క్రిందుగా కనబడును. ఇంత ఎత్తునకు పోయినను వంపు మాత్రము స్వల్పమే. అరువది డిగ్రీల విస్తారమును చూపు ఛాయాచిత్రము నూరు మిల్లీమీటర్ల వెడల్పున్నచో, క్షితిజపు నడిమి భాగము కొనలకంటె ఒక మిల్లీమీటరును కొంచెము మించి మాత్రమే ఎత్తుగా నుండును. ఇచ్చటనే మనుష్యుని నిజాయితీకి పరీక్ష. వెడల్పైన దృష్టి గల కటకము సరళరేఖలను వంచును. క్షితిజము చిత్రమున నడిమికి పైనున్నచో ఉబ్బినట్లును, క్రిందనున్నచో లోనికి వంగినట్లును చూపును. భూమి గుండ్రనిదని చాటగోరువాడు మొదటి చిత్రమును ఏరుకొనవచ్చును. బల్లపరుపని చాటగోరువాడు రెండవదానిని ఏరుకొనవచ్చును. మొదటివాని సిద్ధాంతము సరియైనదే. అయినను అతని పనియు మోసమే. అసత్యమైన సాక్ష్యముతో సత్యమును నిలబెట్టువాడు సత్యమునకు సేవ చేసినవాడు కాడు. ధర్మమైన పద్ధతి వేరు. క్షితిజము సరిగా చిత్రము నడుమ నుండి పోవు చిత్రములనే తీసికొని, ఒక తిన్నని కడ్డీని ప్రక్కన నిలిపి, వంపును కొలిచి, లెక్కతో సరిచూడవలెను.

2018లో వెలువడిన “బిహైండ్ ది కర్వ్” అను చిత్రము ఈ విషయమున కనువిప్పు కలిగించును. సమతలవాదులు కొందరు ఇరువది వేల డాలర్లు వెచ్చించి, కాంతితో పనిచేయు సూక్ష్మమైన గైరోస్కోపును కొనిరి. భూమి తిరుగుటలేదని చూపుట వారి ఉద్దేశము. యంత్రము గంటకు 15 డిగ్రీల మార్పును చూపెను. అనగా ఇరువదినాలుగు గంటలకు 360 డిగ్రీలు. భూభ్రమణము చూపవలసినది సరిగా అదియే. వారు ఫలితమును స్వీకరింపక, ఆ మార్పునకు వేరు కారణమును వెదుకసాగిరి. దోషము మొదలగునది ఇచ్చటనే. వారు ప్రశ్న వేసిరి, ధనము వ్యయించిరి, శ్రమించిరి. ఒక్క జవాబునకు మాత్రము తలుపు మూసియుంచిరి. అట్టి పరీక్ష పరీక్ష కాదు, పరీక్ష వేషము.

దీనికి ఎదురుగా నిలుచు ఘటన 2024 డిసెంబరులో జరిగెను. అమెరికా దేశపు క్రైస్తవ బోధకుడొకడు ఇరుపక్షములవారిని అంటార్కిటికాకు తోడ్కొనిపోయెను. సమతలవాదులు వాడుకగా చూపు పటమున ఆ ఖండము భూమి చుట్టును అంచువలె నుండును; అట్లయినచో అచ్చట సూర్యుడు ఇరువదినాలుగు గంటలు అస్తమింపక నిలుచుట పొసగదు. సూర్యుడు అస్తమింపలేదు. ఆ వాదమును ఏండ్లుగా ప్రచారము చేసిన యొకడు, ఈ విషయమున తాను పొరబడితినని లోకము ఎదుట చెప్పెను. అతని పక్షమున అనేకులు మాత్రము ఆ యాత్రనే నమ్మమనిరి. తనవారు దూరమగుదురని తెలిసియు ఆ మాట పలుకుట సామాన్యమైన ధైర్యము కాదు. భూగోళ శాస్త్రమున అతడు ఆలస్యముగా నేర్చియుండవచ్చును. సత్యనిష్ఠలో అనేక పండితులకంటె ముందున్నాడు.

అన్నింటిని స్వయముగా పరీక్షించుట ఎవ్వరికిని సాధ్యము కాదు. వైద్యుని మందును, వంతెన కట్టిన ఇంజనీరు లెక్కను లోకము నమ్మియే బ్రదుకుచున్నది. నమ్మదగినవానిని గుర్తించుటకు మూడు లక్షణములు చాలును. ఏ ఫలితము వచ్చినచో తాను ఓడినట్లో ముందుగానే చెప్పవలెను. ఇతరులు మరల చేయుటకు వీలుగా తన పద్ధతిని దాచక చూపవలెను. ఫలితము తనకు ప్రతికూలమైనప్పుడు తానే ముందుగా ప్రకటింపవలెను. ఈ మూడును లేనివాడు ఎంతటి పండితుడైనను, ఏ పక్షమువాడైనను, అతని మాట వినదగినదే గాని ఆనదగినది కాదు.

ఇంటిలో పిల్లవాడు “భూమి గుండ్రనిదని నీకెట్లు తెలియును?” అని అడిగినప్పుడు గద్దించు తండ్రి వానికి భూగోళమును నేర్పుటలేదు, అడుగకుండుటను నేర్పుచున్నాడు. నాకు ఇంతవరకే తెలియును, రమ్ము, కలిసి చూతము అని చెప్పు తండ్రి ఎక్కువ మేలు చేయును. ఆ పిల్లవాడే రేపు పెద్దవాడై, తాను చెప్పినది తప్పని తేలినప్పుడు, అందరియెదుట ఆ మాట పలుకగలవాడగును. నుడికిని నడతకును పొత్తు కుదిరినవాడని పెద్దలు చెప్పునది అట్టివానినే.