గిన్నె మీద పేరు, రాయి మీద పేరు

మా అమ్మ వంటింట్లో స్టీలు సామాను తిరగేస్తే మా కుటుంబ చరిత్ర సగం తెలిసిపోతుంది. పెళ్లిలో చదివించిన గిన్నెల మీద ఇచ్చినవాళ్ల పేర్లుంటాయి. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె మీద తాతయ్య పేరుంది. అమ్మ చీటీ డబ్బులతో కొనుక్కున్న డబ్బాల మీద నాన్న పొడి అక్షరాలున్నాయి. అమ్మ పేరున్న గిన్నె ఒక్కటీ లేదు. చిన్నప్పుడు ఒకసారి అడిగితే, "ఏదో ఒక పేరుండాలిగా, లేకపోతే అరువిచ్చింది తిరిగి రాదు" అంది. నిజమే. వీధిలో ఎవరింట్లో పెళ్లయినా పేరంటమైనా మా గంగాళాలూ గుండిగలూ వెళ్లేవి, వచ్చేవి. పేరు ఉండేది వాటి భద్రత కోసం. కానీ ఆ పేరు ఎవరిదై ఉండాలన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఈ గిన్నెల సంగతి నాకు మళ్లీ గుర్తొచ్చింది ఒక మ్యూజియం పని వల్ల. కొన్నేళ్ల కిందట రెండు సంస్థలు కలిసి ఒక ఉమ్మడి ప్రదర్శన తలపెట్టాయి. వాటి పేర్లు ఇక్కడ అనవసరం. కృష్ణాతీరపు బౌద్ధ శిల్పాల ఫోటోలు, కొన్ని నకళ్లు ఊరూరా తిప్పాలని ఆలోచన. వాటి పక్కన పెట్టే తెలుగు వివరణలు రాయమని నన్ను పిలిచారు. ఒక్కో వివరణ అరవై మాటలు దాటకూడదు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన దాన్ని, అరవై మాటల్లో రాయలేనా అనుకున్నాను. అందులో నాగార్జునకొండ ఆయక స్తంభానికి ఒక నకలు ఉంది. దానికి నేను రాసిన మొదటి వాక్యం శాంతిసిరి గురించి.

శాంతిసిరి ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడి చెల్లెలు. ఆ అన్న అశ్వమేధం చేసిన వైదిక రాజు. చెల్లెలు బౌద్ధానికి అండగా నిలిచింది. తన మేనల్లుడూ అల్లుడూ అయిన వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, మహాచైత్యం దగ్గర ఆయక స్తంభాలు నిలబెట్టించి, వాటి మీద తన పేరు చెక్కించుకుంది. ఆమె ఒక్కతే కాదు. ఆ కుటుంబపు స్త్రీలు ఇంకొందరు కూడా స్తంభాలు ఇచ్చారు. రాజవంశంతో సంబంధం లేని బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. నాగార్జునకొండ అంటే ఆచార్య నాగార్జునుడి పేరే తెలిసిన మనకి, ఆ కొండ కింద ఇంతమంది స్త్రీల పేర్లు రాళ్ల మీద ఉన్నాయని బడిలో ఎవరు చెప్పారు?

నా వివరణ తిరిగొచ్చింది. శాంతిసిరి వాక్యం తీసేశారు. దాని బదులు "ఇక్ష్వాకుల కాలపు శిల్పకళా వైభవానికి నిదర్శనం" అన్న మాటలు చేర్చారు. మాటలు ఎక్కువయ్యాయి మేడమ్, అంతర్జాతీయ ప్రేక్షకులకి కుటుంబ సంబంధాలు అర్థం కావు, అన్నారు. నేను ఒకసారి వాదించాను. రెండోసారి వాదించలేదు. సంతకం పెట్టి పారితోషికం తీసుకున్నాను.

ప్రదర్శన మా ఊరికి వచ్చినప్పుడు అమ్మని తీసుకెళ్లాను. కూతురు రాసిన అక్షరాలు గాజు పలకల మీద చూసి మురిసిపోయింది. ఆ స్తంభం ముందు కాస్త ఆగింది. "రాజుల కాలంలోదని రాశావు. మరి ఇచ్చిందెవరో రాయలేదేమే?" అంది.

"రాశానమ్మా, తీసేశారు."

"తీసేస్తే ఊరుకున్నావా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం వెతుకులాట.

మ్యూజియాలు కలిసి ప్రదర్శనలు ఎందుకు చేస్తాయో ముందు న్యాయంగా చెప్పుకోవాలి. ఏ మ్యూజియమైనా తన దగ్గరున్న దాంట్లో కొంతే బయట పెట్టగలదు, మిగిలింది గోదాముల్లో ఉంటుంది. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ రావాలంటే కొత్తది కావాలి. కొత్తది కొనాలంటే డబ్బు లేదు. పాత వస్తువుని పంపడానికే ప్రత్యేకమైన పెట్టెలు, బీమా, వెంట వెళ్లే మనిషి, బయల్దేరేటప్పుడూ చేరినప్పుడూ ఎక్కడ పగులుందో రాసుకునే పత్రాలు... ఈ ఖర్చు ఒక్కరే భరించలేరు. నలుగురు కలిస్తే ఖర్చు నాలుగు భాగాలవుతుంది, చూసేవాళ్లు నాలుగింతలవుతారు. 2020లో కోవిడ్ వచ్చి ప్రపంచమంతా మ్యూజియాల తలుపులు మూతపడ్డాక, ఒంటరిగా ఉన్న సంస్థ ఎంత బలహీనమో అందరికీ తెలిసొచ్చింది. కష్టానికి తట్టుకుని నిలబడటానికి పొరుగువాళ్లతో చేబదులు నడపడం మన ఆడవాళ్లకి కొత్త విద్య కాదు. కప్పు పంచదార దగ్గర్నుంచి పిల్లల ఫీజు దాకా మన సంసారాలు అలాగే గట్టెక్కాయి.

మంచి ఉదాహరణలు లేకపోలేదు. 2017 నవంబరులో ముంబై ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయంలో 'ఇండియా అండ్ ద వరల్డ్' అన్న ప్రదర్శన మొదలైంది. ఆ మ్యూజియం, ఢిల్లీ నేషనల్ మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం కలిసి చేశాయి. దాదాపు 200 వస్తువులు పెట్టారు. 2018లో అది ఢిల్లీ వెళ్లింది. లండన్ నుంచి వచ్చిన వస్తువులు మన వస్తువుల పక్కన నిలబడ్డాయి. 'మేం నాగరికత చూపిస్తాం, మీరు చూడండి' అనే పాత పద్ధతికి అది భిన్నం, కథ చెప్పడంలో ఇక్కడివాళ్లకీ భాగం ఉంది. అదే ముంబై మ్యూజియం 2015 నుంచి ఒక బస్సులో వస్తువులు పెట్టి బడులకీ పల్లెలకీ తిప్పుతోంది. నాకు ఆ బస్సంటే ఎక్కువ ఇష్టం.

మనకి దగ్గరి ఉదాహరణ మరొకటుంది. 2023 జూలై నుంచి నవంబరు దాకా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'ట్రీ అండ్ సర్పెంట్' పేరుతో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. తర్వాత అది దక్షిణ కొరియాలోని సియోల్ వెళ్లి 2024 ఏప్రిల్ దాకా నడిచింది. వందకు పైగా వస్తువుల్లో అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు ఉన్నాయి. మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఈ శతాబ్దం మొదట్లో తవ్వకాల్లో దొరికిన తోరణపు రాళ్లు కూడా సముద్రాలు దాటి వెళ్లాయి. ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు గర్వమనిపించింది. కాసేపటికి ఒక సందేహం వచ్చింది. ఫణిగిరి పొలాల్లో కలుపు తీసే ఆడమనిషి ఆ రాయిని అంత వెలుతురులో, అంత శ్రద్ధగా పెట్టగా ఎప్పుడైనా చూస్తుందా?

ఇక్కడే చిక్కు. విలువైన వస్తువు అరువు తీసుకోవాలంటే కొన్ని షరతులుంటాయి. గదిలో వేడి ఇంత, తేమ ఇంత, కాపలా ఇంత అని. వస్తువు క్షేమానికి అవి అవసరమే. కానీ ఆ షరతులు తీర్చగలిగేది డబ్బున్న మ్యూజియమే. అందువల్ల చిన్న ఊరి మ్యూజియం ఇచ్చేదిగానే మిగిలిపోతుంది, పుచ్చుకునే వంతు రాదు. ఇచ్చిపుచ్చుకోవడంలో సగమే జరిగితే దాన్ని పంచుకోవడం అనగలమా?

'ఉమ్మడి' అన్న మాట వినగానే మగవాళ్లకి ఏం గుర్తొస్తుందో గానీ, మనకి ఉమ్మడి కుటుంబం గుర్తొస్తుంది. అక్కడ చాకిరీ ఉమ్మడిది. బీరువా తాళం మాత్రం ఉమ్మడిది కాదు. కోడళ్లంతా కలిసి వండితే అన్నం అందరిదీ, పేరు ఇంటిదీ అయ్యేది. పంచుకోవడం, సర్దుకోవడం గొప్ప గుణాలని మనకి ఉగ్గుపాలతో నేర్పారు. స్త్రీవాదం మనచేత అడిగించిన ప్రశ్న చిన్నదే: ఎవరు పంచాలో, ఎంత పంచాలో తేల్చేదెవరు? పంచుకోవడం దానంతటదే నీతి కాదు. తాళం ఎవరి కొంగున ఉందన్నదాన్ని బట్టి అది నీతో, పెత్తనమో అవుతుంది.

అమరావతి రాళ్లనే చూడండి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఇవాళ మహాచైత్యం లండన్‌లో కొంత, చెన్నైలో కొంత, మిగతా చోట్ల కొంత ఉంది. 1963 నాటి చట్టం ప్రకారం బ్రిటిష్ మ్యూజియం తన సేకరణలోని వస్తువుల్ని, చాలా కొద్ది మినహాయింపులతో తప్ప, ఎవరికీ శాశ్వతంగా ఇచ్చేయడానికి వీల్లేదు. అరువివ్వొచ్చు. 2024లో ఘనాలోని అసంతే రాజుల బంగారు వస్తువులు 32 లండన్‌లోని రెండు మ్యూజియాల నుంచి కుమాసికి వెళ్లాయి. మూడేళ్ల అరువు మీద! ఎవరింట్లోంచి ఎత్తుకెళ్లారో వాళ్లకే అరువివ్వడం. మా వీధిలో ఇలాంటి చేబదులు జరిగుంటే అమ్మ ఏమనేదో నాకు తెలుసు. అయినా కుమాసిలో ఆ వస్తువుల్ని కళ్లారా చూసిన మనిషికి ఆ అరువు కూడా అక్కర్లేదని నేను చెప్పలేను. చూడటం కూడా ఒక హక్కే. అది అసలు హక్కుకి బదులు కాకూడదంతే.

అలాగని 'మనవి మనకిచ్చేస్తే చాలు, న్యాయం జరిగిపోతుంది' అనడానికీ నాకు నోరు రాదు. నాగార్జునకొండ రాళ్లని ఏ తెల్లదొరా ఎత్తుకెళ్లలేదు. సాగర్ ఆనకట్ట కింద లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వి, కొన్ని కట్టడాల్ని కొండ మీద మళ్లీ నిలబెట్టారు. 1966లో అక్కడే మ్యూజియం వెలిసింది. ఇప్పుడది నీళ్ల మధ్య దీవి, పడవెక్కి వెళ్లాలి. రాళ్లకి కొండ మీద చోటు దొరికింది. లోయలో కాపురాలున్న మనుషులు ఇల్లూ పొలం వదిలి ఎటో వెళ్లారు. వాళ్ల గిన్నెలూ రోళ్లూ ఏ మ్యూజియంలోనూ లేవు. పరాయివాళ్లు తీసుకెళ్లడం ఒక్కటే నష్టం కాదు. సొంతవాళ్లు ఏది దాచుకోవాలనుకున్నారు, ఏది ముంచేశారు అన్నదీ అడగాల్సిందే.

అమరావతి రాతిపలక ఒకటి ఉంది. నిండుకుండ చెక్కిన పలక. అలాంటి కుండే ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది. ఆ పలకని దానం చేసింది రాజు కాదు. విధికుడనే చర్మకారుడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి ఇచ్చానని రాయించాడు. చెప్పులు కుట్టే కులాన్ని ఊరవతల పెట్టిన సమాజం ఆ కుండని మాత్రం నెత్తిన పెట్టుకుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ శాసనంలో కొడుకు పేరు నాగుడని ఉంది. తల్లికీ భార్యకీ కూతుళ్లకీ పేర్లు లేవు. రాయించుకోగలిగిన శాంతిసిరి రాయించుకుంది. ఆమె రాజు చెల్లెలు కాబట్టి కుదిరింది. విధికుడి భార్యకి కుదరలేదు. ఆ పలక చెక్కిన, మోసిన చేతులకైతే ఆ వరసలో చోటే లేదు. కాబట్టి శాంతిసిరి పేరు నిలబెట్టడంతో మన పని అయిపోదు. కానీ చెక్కి ఉన్న పేరుని కూడా చెరిపేస్తే, చెక్కని పేర్ల గురించి మాట్లాడే అర్హత మనకెక్కడిది?

2022 ఆగస్టులో ప్రేగ్‌లో అంతర్జాతీయ మ్యూజియాల మండలి మ్యూజియానికి కొత్త నిర్వచనం ఒప్పుకుంది. అందరికీ అందుబాటులో ఉండాలని, జనసమూహాల భాగస్వామ్యంతో పనిచేయాలని అందులో ఉంది. బాగుంది. అయితే భాగస్వామ్యం పెద్ద ఒప్పందాల్లో మొదలవదని నా చిన్న అనుభవం చెప్పింది. అది అరవై మాటల కాగితం దగ్గర మొదలవుతుంది. ఉమ్మడి ప్రదర్శనలో రెండు సంస్థలూ పేచీ లేకుండా ఒప్పుకోగలిగే మాటలే మిగులుతాయి. వైభవం, వారసత్వం, నిదర్శనం... ఎవరికీ అభ్యంతరం లేని మాటలు. పేచీ తెచ్చేవి పేర్లు. ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకెళ్లారు, ఎవరు మునిగిపోయారు అన్నవి. ప్రదర్శన ఊళ్లు తిరిగేకొద్దీ ఆ పేర్లు ఒక్కొక్కటే రాలిపోతాయి. మ్యూజియం నిలబడుతుంది గానీ, ఏం నిలబెట్టడానికి నిలబడిందో మరిచిపోతుంది.

అందుకని ఉమ్మడి ప్రదర్శనలు వద్దని నేననను. జరగాలి, ఇంకా జరగాలి. ఫణిగిరి రాయి న్యూయార్క్ వెళ్లినట్టే, న్యూయార్క్ వస్తువొకటి సూర్యాపేట రావాలి. రాలేకపోతే మంచి నకలన్నా రావాలి, బస్సన్నా రావాలి. వచ్చినప్పుడు పక్కన రాసే మాటల్లో ఆ ఊరివాళ్లకి చోటుండాలి.

ఇక అమ్మ ప్రశ్న. తీసేస్తే ఊరుకున్నావా? ఊరుకున్నాను. డబ్బు చిన్నదే. మళ్లీ పిలవరేమోనన్న భయం పెద్దది. 'కలిసి పనిచేసేటప్పుడు సర్దుకోవాలి' అన్న పాత పాఠం నా చదువు కంటే లోతుగా ఉందని ఆ రోజు తెలిసింది. సర్దుకున్నది నా విషయంలో అయితే నా ఇష్టం. నేను వదిలేసింది ఇంకొకామె పేరు. పదిహేడు వందల ఏళ్లు ఎండకీ వానకీ నిలిచిన పేరుని నేను ఒక ఫోన్ కాల్‌లో వదిలేశాను. పరిశోధకురాలిగా నాకు అప్పగించిన సొత్తది, అరువు సొమ్ము. నా ఇష్టానికి వదులుకునేది కాదు.

ఆ సంస్థకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను. ఈలోగా, అరవై మాటల్లో పట్టదన్నదాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను. లెక్కపెట్టుకోవచ్చు.

"ఆయక స్తంభం, నాగార్జునకొండ, మూడో శతాబ్దం. ఇచ్చినామె శాంతిసిరి. అన్న అశ్వమేధం చేసిన రాజు. ఈమె బౌద్ధ సంఘానికి అండగా నిలిచి, మహాచైత్యానికి స్తంభాలిచ్చి తన పేరు చెక్కించుకుంది. చెక్కిన శిల్పుల పేర్లు తెలియవు. ఈ లోయ నాగార్జున సాగర్‌లో మునిగింది. ఇక్కడి పల్లెల మనుషులు ఊళ్లు వదిలి వెళ్లారు."